కనబడవలసినది కాయకము

శ్రీ గురు బసవలింగాయ నమః



కొలువులో చేరిన యువకుడు తొలి రెండు మూడు సంవత్సరములలోనే పై అధికారుల దృష్టిలో పడి పైకి రావలెనని కోరుట తప్పా, ఒప్పా? ఆ కోరిక శివభక్తునకు తగునా, తగదా? ఈ ప్రశ్న నేడు కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల వీరశైవ కుటుంబములలో తరచుగా వినబడుచున్నది. “తల వంచుకొని పని చేసికొమ్ము, శివుడు చూచుచున్నాడు” అని తండ్రి అనును. “శివుడు చూచును గాని మేనేజరు చూచుట లేదు” అని కుమారుడు బదులు చెప్పును. ఇరువురి మాటలోను కొంత సత్యము గలదు. ఇరువురి మాటలోను కొంత కొరత గలదు. బసవేశ్వరుడు స్వయముగా రాజకొలువులో ఉద్యోగము చేసినవాడు. అందువలన ఈ ప్రశ్నకు సమాధానము మన సంప్రదాయమునకు వెలుపల వెదకవలసిన పని లేదు.

కొలువుల సీమ

రెండు మూడు తరముల క్రిందట ఈ ప్రాంతపు లింగాయతు కుటుంబములలో పెక్కింటికి వ్యవసాయము, వర్తకము, మఠసేవ జీవనాధారములై యుండెను. దుకాణములో కుమారుని పనితనమును ప్రక్కన కూర్చున్న తండ్రియే చూచెడివాడు. పొలములో శ్రమను పంటయే చెప్పెడిది. తన పని ఇతరులకు తెలిసినదా, లేదా అను చింతకు అచ్చట తావు లేదు.

గోదావరికి ఆవలి గట్టున బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూరులందును, ఈవలి గట్టున గోదావరిఖనియందును సింగరేణి బొగ్గు గనులు విస్తరించినవి. కాగజ్‌నగరములో సిర్పూరు కాగితపు మిల్లు వెలసెను. రామగుండములో 1978లో శంకుస్థాపన జరిగిన ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రము 1983లో తొలి యూనిటును నడిపి, క్రమముగా 2,600 మెగావాట్ల కేంద్రముగా ఎదిగెను. బాసరలో 2008లో ట్రిపుల్ ఐటీ విద్యాలయము నెలకొనగా, పల్లెటూళ్ల పిల్లలు ఇంజనీరులగుచున్నారు. కరీంనగరములో 2020లో ఐటీ టవరు తెరువబడెను. 2016లో పాత రెండు జిల్లాలు పలు జిల్లాలుగా విభజింపబడినను, ఈ సీమ యువకుల గమ్యములు అవియే: గని, కర్మాగారము, కంప్యూటరు ఆఫీసు, అక్కడనుండి హైదరాబాదు, బెంగుళూరు, విదేశములు.

ఈ కొలువులలో పని చేయువాడు ఒకడు, పనిని చూచువాడు మరొకడు, పదోన్నతిని నిర్ణయించువాడు ఇంకొకడు. ఆ మూడవవాడు కొన్నివేళల వేరొక నగరములోనో, సముద్రమునకు ఆవలనో కూర్చుండి యుండును. అతడు మనిషిని చూడడు, కాగితమును చూచును. దుకాణములో తండ్రి కన్ను చేసిన పనిని ఇచ్చట కాగితము చేయవలసియున్నది. కావున పాత నీతిని యథాతథముగా చెప్పినచో కుమారునకు అది చాలదు.

మరియొక సంగతి గలదు. రామగుండము ఎరువుల కర్మాగారము 1980లో ఉత్పత్తి ప్రారంభించి 1999లో మూతపడెను. అదే స్థలమున కొత్త సంస్థ ఆధ్వర్యమున 2021లో మరల ఎరువు తయారయ్యెను. సిర్పూరు కాగితపు మిల్లు 2014లో ఆగి, యాజమాన్యము మారి, 2018లో తిరిగి నడిచెను. నడుమ గడచిన ఏండ్లలో హోదాలన్నియు ఏమయ్యెనో అచ్చటి కుటుంబములకు తెలియును. కుర్చీ నిలువలేదు, చేతిలోని విద్య మాత్రమే నిలిచినది. పైకి రావలెనని త్వరపడు యువకుడు మొదట గ్రహించవలసినది ఇదియే. ఎదుగవలసినది హోదా కాదు, పనితనము. హోదా దాని నీడ.

రెండు పొరపాట్లు

ఈ విషయమున సాధారణముగా రెండు పొరపాట్లు జరుగుచున్నవి. మొదటిది, మౌనమును వినయమనుకొనుట. ఒక యువ ఇంజనీరు తన విభాగములో ఒక యంత్రము పదే పదే ఆగిపోవుటకు కారణము కనిపెట్టెననుకొనుడు. ఎవరికిని చెప్పకుండ, ఎక్కడను వ్రాయకుండ దానిని సరిచేసి ఇంటికి పోయెను. తన గొప్ప తాను చెప్పుకొనరాదని అతని తలంపు. మరునాడు అతడు సెలవుపై ఊరికి వెళ్లెను. యంత్రము మరల ఆగెను. రాత్రి షిఫ్టువారు తెల్లవార్లు వెదకి అలసిరి. అతని మౌనము వలన ఎవరికి మేలు జరిగినది? నిండుకుండ తొణకదని సామెత. తొణకనక్కరలేదు, కాని దప్పిగొన్నవానికి వంపని కుండ నిండుగా నుండి ప్రయోజనమేమి? తెలిసినదానిని తనలోనే దాచుకొనుట వినయము కాదు. అది ఒక విధమైన లోభము.

రెండవ పొరపాటు, ఆడంబరమును అభివృద్ధి యనుకొనుట. కొందరు పనిని చూడరు, అధికారి ముఖమునే చూతురు. ఆయన ఉన్నంతసేపు ఆఫీసులో కనబడుదురు. సమావేశములో మొదట మాటలాడుదురు. నలుగురు చేసిన పనిని తమ పేర వ్రాసికొందురు. సొమ్మొకనిది, సోకొకనిది అను సామెత ఇట్టివారిని చూచి పుట్టినదే. వీరు త్వరగా పైకి పోవుటయు కద్దు. కాని పైన నిలుచుటకు కావలసిన విద్య వీరిచేత నుండదు. ఒకనాడు నిజముగా కష్టమైన పని ఎదురైనప్పుడు వెనుకకు తిరిగి చూడగా తోడు వచ్చువారెవ్వరును ఉండరు.

మొదటివాడు పనిని దాచెను. రెండవవాడు పని స్థానమున తనను చూపెను. శరణుల మార్గము ఈ రెంటికిని భిన్నము. కనబడవలసినది మనిషి కాదు, కాయకము. అదియు తన లాభము కొరకు మాత్రమే కాదు. తన తరువాత ఆ పనిని పట్టుకొనువాని మేలు కొరకు. తరువాతి షిఫ్టువాని కొరకు నాలుగు పంక్తులు స్పష్టముగా వ్రాసిపెట్టుట గొప్ప చెప్పుకొనుట కాదు. అది దాసోహము.

బసవేశ్వరుని కొలువు

12వ శతాబ్దమున కల్యాణ పట్టణమును కలచురి బిజ్జలుడు ఏలుచుండెను. అతని కొలువులో బసవేశ్వరుడు ఉన్నత పదవిని పొందిన వృత్తాంతమును పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణము మన తెలుగువారికి అందించెను. మేనమామ బలదేవుడు బిజ్జలుని మంత్రి. ఆయన గతించిన పిదప ఆ స్థానమునకు తగినవాడెవ్వడని విచారించి, బసవేశ్వరుని పిలిపించి, పదవిని అప్పగించిరి. ఆయన మొదట లెక్కలు వ్రాయు చిన్న కొలువులో చేరి, క్రమముగా భాండారియై పైకి వచ్చెనని కన్నడ దేశమున మరియొక కథ గలదు. కథలు రెండైనను సారమొక్కటే. ఆయన పదవి కొరకు తిరుగలేదు. పదవి ఖాళీయైననాడు ఆయన యోగ్యత అప్పటికే పదిమందికి తెలిసియుండెను. అడిగిననాడు ఆయన వెనుదీయలేదు. “నేను భక్తుడను, నాకు రాజకొలువెందుకు?” అని తప్పించుకొనలేదు. బాధ్యతను స్వీకరించుటయు భక్తియే.

ఇక పదవి వచ్చిన తరువాతి కథ మరింత ముఖ్యము. ఎదిగినవానిపై చాడీలు పుట్టుట లోకసహజము. రాజధనమును బసవన్న జంగమారాధనకు వెచ్చించుచున్నాడని కొందరు బిజ్జలుని చెవిలో ఊదిరి. రాజు పిలిచి అడిగెను. బసవేశ్వరుడు కోపగించలేదు, తన భక్తిని గూర్చి ఉపన్యసించలేదు, చాడీలు చెప్పినవారిని నిందించలేదు. భండారమును తెరచి లెక్కించుకొమ్మనెను. లెక్కించగా కొరత లేదు.

నేటి యువకునకు ఈ కథలో రెండు పాఠములు గలవు. కనబడుట యనగా మెచ్చుకోలు మాత్రమే కాదు, తనిఖీ కూడ. వెలుగులో నిలిచినవాని చొక్కాపై మరకయు కనబడును. కావున పైకి రాగోరువాడు ఏ క్షణమునందైనను తన లెక్కలను, తన కాగితములను ఇతరుల ముందు విప్పగలిగి యుండవలెను. రెండవది, అపనిందకు సమాధానము గొంతు కాదు, లెక్క. ప్రతిదినము సక్రమముగా వ్రాసి ఉంచుకొన్నవాడు నోరు విప్పకుండనే నిర్దోషి యగును. వ్రాయనివాడు ఎంత మంచివాడైనను మాటలపై ఆధారపడవలసి వచ్చును.

వయస్సు అడ్డము కాదు

చిన్న వయస్సున ముందుకు వచ్చి మాటలాడుట పెద్దలయెడ అమర్యాదయని మన కుటుంబములలో ఒక భావము గలదు. అనుభవ మంటపమును తలచుకొన్నచో ఈ భావము సరికాదని తెలియును. శూన్యసింహాసనమున అల్లమప్రభువు కూర్చుండెను. ఎదుట మడివాలు మాచయ్య, అంబిగర చౌడయ్య, మేదర కేతయ్య మున్నగువారు. ఒకడు చాకలి, ఒకడు పడవ నడుపువాడు, ఒకడు బుట్టలల్లువాడు. వారి కాయకమే వారి పేరునకు ముందు నిలిచినది. పుట్టుకను బట్టి గాని, ధనమును బట్టి గాని వారికి ఆ సభలో చోటు దొరకలేదు.

ఆ సభకు అక్క మహాదేవి వచ్చెను. ఆమె యువతి. ఒంటరిగా, ఎన్నో కష్టములు పడి వచ్చినది. అల్లమప్రభువు ఆమెను కఠినమైన ప్రశ్నలతో పరీక్షించెను. ఆమె తల వంచుకొని మూలకు పోలేదు. ఎదురు తిరిగి పరుషముగా పలుకలేదు. అడిగినదానికి తన అనుభవములోనుండి సూటిగా సమాధానమిచ్చెను. సభ ఆమెను అక్కగా గౌరవించెను. చెన్నబసవన్న మరియొక ఉదాహరణము. బసవేశ్వరుని మేనల్లుడైన ఆయన వయస్సున చిన్నవాడు. షట్‌స్థల జ్ఞానమున పెద్దవాడు. తనకంటె పెద్దవాడును, అప్పటికే కీర్తిమంతుడునైన సిద్ధరాముడు ఆయనచేత లింగదీక్ష పొందినట్లు శరణ సంప్రదాయము చెప్పుచున్నది. ఇచ్చట చిన్నవాని ఎదుగుదలయు, పెద్దవాని నిగర్వమును సమానముగా మెచ్చదగినవి.

కావున కొలువులో జరుగు సమావేశమును చూచి యువకుడు భయపడరాదు. తెలిసినదానిని క్లుప్తముగా చెప్పవలెను. తెలియనిదానిని తెలియదని చెప్పి, తెలిసికొని వచ్చెదనని ఒప్పుకొనవలెను. చెప్పినట్లు తెలిసికొని రావలెను. ఇంగ్లీషు తడబడినను విషయము తడబడకున్న చాలును. ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ మాటను మరింత గమనింపవలెను. 2019లో భారత ప్రభుత్వము భూగర్భ గనులలో సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ ఉద్యోగములను పగటివేళ స్త్రీలు చేయుటకు అనుమతించెను. తాతలు దిగిన గనిలోనికి మనుమరాండ్రు అధికారులై దిగుటకు ద్వారము తెరచుకొన్నది. అక్క మహాదేవిని పూజించు ఇంట ఆడపిల్లకు “నీకెందుకు, ఊరకుండుము” అని చెప్పుట తగునా?

పంచాచారములు – కొలువు

వీరశైవునకు లింగాచారము, సదాచారము, శివాచారము, గణాచారము, భృత్యాచారము అని ఐదు ఆచారములు విధింపబడినవి. ఇవి పూజగదికి మాత్రమే చెందినవని తలచుట పొరపాటు. కొలువులో ఎట్లు కనబడవలెను, ఎట్లు ఎదుగవలెను అను ప్రశ్నకు ఈ ఐదింటను సమాధానము గలదు.

లింగాచారము. ఎడమ అరచేతిలో ఇష్టలింగమును నిలిపి, దృష్టి చెదరకుండ చూచుట మన నిత్యపూజ. భక్తుడు లింగమును చూచును. లింగము భక్తుని చూచును. అచ్చట హోదా లేదు, దుస్తులు లేవు, మాటకారితనము లేదు. ఉదయము అరచేతి ముందు ఉన్న మనిషియు, పగలు ఆఫీసులో కనబడు మనిషియు ఒక్కడే కావలెను. లింగము ముందు దాచవలసినది లేనివాడు మేనేజరు ముందు వణకడు. లింగము ముందు తానెంత చిన్నవాడో ఎరిగినవాడు సాటివారి ముందు విఱ్ఱవీగడు. షిఫ్టు ఏ వేళదైనను పది నిమిషముల లింగపూజను విడువరాదు. ఎదుగుదలకు అది అడ్డము కాదు. ఎదిగినవానిని నిలబెట్టునది అదియే.

సదాచారము. న్యాయమైన కాయకముతో బ్రదుకుటయే సదాచారము. కాయకమున మొదటి మెట్టు హాజరు. బొగ్గుగనుల ప్రాంతమున దీనిని మస్టరు అందురు. 1952 నాటి గనుల చట్టము వేతనముతో కూడిన సెలవు నిమిత్తము భూగర్భమున పనిచేయువానికి 190 హాజరులను, ఉపరితలమున పనిచేయువానికి 240 హాజరులను సంవత్సరపు సేవగా లెక్కించెడిది. హాజరు లేనివానికి చట్టమునందే లెక్క లేదు. ఇక ఇతరుల దృష్టిలో లెక్క ఎక్కడిది? రెండవ మెట్టు అర్హత. గనిలో మైనింగు సర్దారు, ఓవర్‌మన్, రెండవ తరగతి మేనేజరు, మొదటి తరగతి మేనేజరు అని మెట్లు గలవు. ప్రతి మెట్టునకును అనుభవము, పరీక్ష, యోగ్యతాపత్రము వలయును. సిఫారసుతో ఆ పత్రము రాదు. తక్కిన కొలువులలో మెట్లు ఇంత స్పష్టముగా కనబడకపోవచ్చును; కాని ఏ మెట్టునకు ఏ విద్య కావలెనో ముందుగా విచారించి, అడుగక మునుపే నేర్చుకొన్నవాడు పిలుపు వచ్చిననాడు సిద్ధముగా నుండును.

మూడవది, పనికి తగిన ఫలము మాత్రమే. నులియ చందయ్య గడ్డితో త్రాళ్లు పేని అమ్మి జంగమార్చన చేసెడివాడు. ఆయన త్రాటిని లింగదేవుడే స్వయముగా తీసికొనిపోయి బసవేశ్వరునకు అమ్మగా, బసవేశ్వరుడు భక్తితో మిక్కిలి ధనమిచ్చెను. చందయ్య ఆ ధనమును అంగీకరించలేదు. త్రాటి వెల ఎంతయో అంతయే తనదనెను. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము ఏరి తేగా, భార్య లక్కమ్మ దానిని తిరిగి పోసి రమ్మని పంపెను. ఇతరుల పనికి తాను మెప్పు పొందుట చందయ్య వద్దన్న ధనము వంటిది. లక్కమ్మ తిప్పి పంపిన బియ్యము వంటిది. ఇంటికి తెచ్చినను అది ఒంట పట్టదు.

శివాచారము. శివభక్తులయందు హెచ్చుతగ్గులు చూడకుండుట శివాచారము. కొలువునకు కొత్తగా వచ్చిన పట్టభద్రుడు తన పై ముగ్గురినే చూచును. కాని అతనికి పని నేర్పునది క్రింది ముప్పదిమంది. ఇరువది ఏండ్లుగా గనిలో దిగుచున్న కార్మికుడు పైకప్పును కర్రతో తట్టి, ఆ శబ్దమును బట్టి బండ గట్టిదా, గుల్లదా చెప్పగలడు. ఆ విద్య ఏ పుస్తకమునను పూర్తిగా దొరకదు. అట్టివానిని “అన్నా” అని పిలిచి, ప్రక్కన నిలిచి నేర్చుకొన్న ఇంజనీరు త్వరగా పైకి వచ్చును. నేర్చుకొన్న తరువాత నివేదికలో ఆ కార్మికుని పేరును వ్రాయవలెను. పై అధికారి వచ్చిననాడు “ఈ లోపమును మొదట గుర్తించినది ఇతడు” అని చూపవలెను. ఇతరులను కనబడజేయువాడు తాను మరుగున పడడు. దీపము పట్టుకొన్నవాని ముఖము కూడ ఆ వెలుగులోనే కనబడును.

గణాచారము. అన్యాయమును, అసత్యమును చూచి ఊరకుండకపోవుట గణాచారము. పైకి రావలెనను కోరికకు నిజమైన పరీక్ష ఇచ్చటనే గలదు. మంచి వార్త చెప్పువానిని అందరు మెచ్చుదురు. చెడ్డ వార్త చెప్పినచో పేరు పోవునేమో, పదోన్నతి ఆగునేమో అని యువకుడు జంకును. గనిలో సర్దారు తన విభాగమును పరిశీలించి, కనుగొన్నది తన చేతితో రిజిస్టరులో వ్రాసి సంతకము చేయవలెను. ప్రమాదమున్నచో పని ఆపించి మనుష్యులను వెనుకకు రప్పించవలెను. ఆ పూట బొగ్గు తగ్గును, పైవారు ప్రశ్నింతురు. అయినను వ్రాయవలసినది వ్రాయవలెను. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు ఒక్కసారిగా చొచ్చుకొనివచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. ఆ పదునేడు ఇండ్ల దుఃఖమును తలచిన ఏ ఉద్యోగియు ఒక హెచ్చరికను వ్రాయుటకు వెనుకాడరాదు. సంతకము పెట్టు చేతిని నమ్ముకొని ఎందరో భూమి లోపలికి దిగుచున్నారు.

గని కానిచోట కూడ ఇదే ధర్మము. లెక్కలో తప్పు, యంత్రములో లోపము, గడువు దాటనున్న పని, వీటిని ముందుగా చెప్పినవాడు ఆనాటికి అప్రియుడు కావచ్చును. ఎప్పటికైనను నమ్మదగినవాడు ఇతడని పేరు పొందును. తొలి ఏండ్లలో సంపాదించుకొనదగిన పేరు ఇది యొక్కటే. చెప్పు విధమున మర్యాద ఉండవలెను, పదిమందిలో అవమానింపక, సంబంధించినవానికి మొదట తెలుపవలెను, ఆధారము చూపవలెను. గణాచారమనగా కలహము కాదు.

భృత్యాచారము. అందరికంటె తాను చిన్నవాడనని, సేవకుడనని భావించుట భృత్యాచారము. మంత్రియైన బసవేశ్వరుడు తనను భక్తులందరికిని కింకరునిగా ఎంచుకొనెను. పదవి పెరిగినకొలది ఆయన నమస్కారము మరింత వంగినది. సొన్నలిగె సిద్ధరాముడు చెరువులు త్రవ్వించెను, ఆలయములు కట్టించెను. ఊరంతయు ఆయన పేరే. అల్లమప్రభువు అచ్చటికి వచ్చి ఆయనను రాళ్లు కొట్టు ఒడ్డెవానిగా పిలిచి కదిలించెను. చెరువు త్రవ్వుట తప్పని ప్రభువు భావము కాదు. నేను త్రవ్వించితిననెడి తలంపు చెరువుకంటె లోతుగా దిగినదని చూపుట ఆయన ఉద్దేశము. సిద్ధరాముడు మొదట కోపించెను, పిదప గ్రహించెను, కల్యాణమునకు వచ్చి మహాశరణుడయ్యెను. చిన్న వయస్సున పైకి వచ్చినవానికి ఇట్టి అల్లమప్రభువు ఒకడు అవసరము. తప్పును ముఖము మీద చెప్పగల ఒక పెద్దను, ఒక గురువును యువకుడు తానే వెదకి పెట్టుకొనవలెను.

భృత్యుడనగా రాజు ఏమి చేసినను సమ్మతించువాడు కాడు. హరళయ్య, మధువయ్య అను భక్తులను బిజ్జలుడు క్రూరముగా శిక్షించినప్పుడు బసవేశ్వరుడు ఆ కొలువును, ఆ కల్యాణమును విడిచి కూడలసంగమమునకు తరలిపోయెను. అంత గొప్ప పదవి ఆయనను పట్టి ఉంచలేకపోయెను. పదవిని స్వీకరించునాడు ఎంత నిర్మలముగా స్వీకరించెనో, విడుచునాడును అంత నిర్మలముగా విడిచెను. ఎక్కుట నేర్చినవాడు దిగుటకును సిద్ధపడి యుండవలెను.

పెద్దలు చేయవలసినది

ఈ బాధ్యత యువకులది మాత్రమే కాదు. కుమారుడు కొలువులో చేరిన ఆరు నెలలకే “ప్రక్కింటివానికి ప్రమోషను వచ్చినది, నీకేది?” అని అడుగు తల్లిదండ్రులు అతనిని అడ్డదారి పట్టించుచున్నారు. వివాహ సంబంధములు చూచునప్పుడు హోదాను, జీతమును మాత్రమే అడుగువారు కాయకమును మరచుచున్నారు. “ఏమి పని చేయుచున్నావు? ఎవరికి ఉపయోగపడుచున్నది? ఈ వారము ఏమి నేర్చుకొన్నావు?” అని అడుగవలెను. ఇట్లు అడుగబడిన పిల్లవాడు తన పనిని గూర్చి స్పష్టముగా చెప్పుట ఇంటిలోనే నేర్చుకొనును.

మఠములకును ఇందులో పని గలదు. పూర్వము మఠమే పాఠశాల, మఠమే సభ. నెలకొకసారి ప్రసాదము తరువాత ఒక యువతియో, యువకుడో లేచి తన వృత్తిని గూర్చి పావుగంట తెలుగులో చెప్పవలెను. గనిలో గాలి ఎట్లు పంపుదురు? బొగ్గునుండి విద్యుత్తు ఎట్లు పుట్టును? కాగితము ఎట్లు తయారగును? పెద్దలు ప్రశ్నలు అడుగవలెను. పదిమంది ముందు నిలిచి మాటలాడు జంకు అచ్చటనే తీరును. అనుభవములో ఉన్నవారు కొత్తవారికి పరీక్షలను గూర్చి, దరఖాస్తులను గూర్చి తెలుపవలెను. తాను ఎక్కిన మెట్టుపై నిలిచి తరువాతివానికి చేయి అందించుటయే నేటి కాలపు దాసోహము. అన్నదాసోహము జరుగు మఠమున జ్ఞానదాసోహము కూడ జరిగినచో ఆ పంక్తి సంపూర్ణమగును.

కొలువు మెట్లు పైకి పోవుకొలది ఇరుకగును. చిట్టచివర ఒక్క కుర్చీయే యుండును. పదవీ విరమణ నాడు దానిని కూడ విడిచి దిగవలెను. భక్తుడు, మహేశ్వరుడు, ప్రసాది, ప్రాణలింగి, శరణుడు, ఐక్యుడు అను షట్‌స్థలముల మెట్లు అట్టివి కావు. అచ్చట ఒకడు ఎక్కుట వలన మరొకనికి చోటు తగ్గదు. మొదటి మెట్టు ఎక్కిననాడే పోటీ తీరును. ఈ మెట్లను మరువనివాడు ఆ మెట్లను ధైర్యముగా ఎక్కవచ్చును. అతడు ఎక్కడ నిలిచినను చేతిలో పని యుండును, ప్రక్కన మనుష్యులుందురు, హృదయమున లింగముండును.

వేములవాడ రాజరాజేశ్వరుని కృపచేతను, బసవాది ప్రమథుల ఆశీర్వాదముచేతను ఈ సీమ యువతీయువకుల కాయకము పదిమందికి వెలుగై కనబడుగాక.

శరణు శరణార్థి.